మగ్గం గుంటలోకి వచ్చిన నీళ్లు

మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయంలో ఒక పాత శాసనం ఉంది. చీరాలకు దక్షిణాన, చినగంజాం మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరది. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన ఆ శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనం అంటారు. అంతకుముందు పాలించిన రాజులు, తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో ఏమున్నా లాక్కునేవారు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజుగారి ఖజానాకే. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చిన వర్తకుడి దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని మాటిచ్చి, ఆ మాటను రాతి మీద చెక్కించాడు. సుంకం ముప్పయ్యో వంతు.

ఈ తీరానికి ఓడను తెచ్చిందీ గాలే, ముంచిందీ గాలే. నైరుతి గాలి ఒకవైపు నెడితే ఈశాన్య గాలి మరోవైపు నెట్టింది. ఆ రాకపోకల లెక్క తెలిసినవాడే ఓడ నడిపాడు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి పేరుతో రాసుకుని, ఇక్కడ నేసిన సన్నటి బట్టను సాలెగూడుతో పోల్చాడు. ఆ బట్ట తయారీలో కట్టెపుల్ల కాలింది గంజి కాచడానికీ రంగు మరిగించడానికీ మాత్రమే. మిగతాదంతా మనిషి చేతులు, కాళ్లు, ఎండ, గాలి.

చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం, చినగంజాం, వాడరేవు. ఈ ఊళ్ల బతుకుతెరువులన్నీ కొన్ని వందల ఏళ్లు ఎండా గాలీ మీదే నడిచాయి. ఇవాళ సౌరశక్తి, పవనశక్తి అంటూ కొత్త మాటల్లా వినిపిస్తున్నవి ఇక్కడి పాత వృత్తులకు పునాది. మధ్యలో ఒక వందేళ్లకు పైగా బొగ్గూ ఆయిలూ వచ్చి కూర్చున్నాయి. అవి ఏ దారిన వచ్చాయో, ఎవరికి ఏం ఇచ్చాయో, ఇప్పుడు వాటి బాకీ ఎవరి నెత్తిన పడుతోందో చూడాలంటే చీరాల మంచి చోటు.

తేలియా రుమాలు సంగతి ముందు చెప్పాలి. ఇప్పుడు ఆ పేరు వింటే నల్లగొండ వైపు పుట్టపాక గుర్తుకొస్తుంది. భౌగోళిక గుర్తింపు కూడా 2020లో ఆ ఊరికే దక్కింది. కానీ ఆ పనికి పుట్టిల్లు చీరాల. ఇక్కడి నుంచి ఆ చతురస్రపు గుడ్డలు ఓడలెక్కి పర్షియన్ గల్ఫ్ రేవులకూ ఆఫ్రికా తీరానికీ వెళ్లాయి. అక్కడి జనం వాటిని తలకు చుట్టుకున్నారు. నెయ్యకముందే పడుగు నూలుకూ పేక నూలుకూ లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు రెండింటి రంగులూ గీత తప్పకుండా కలిసి బొమ్మ కట్టాలి. అది కంటికి కనిపించే నేర్పు. కనిపించని నేర్పు నూలు తయారీలో ఉంది.

ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి వడకడతారు. ఆ తేట క్షారంలో నూనె కలిపితే పాలలా తెల్లటి ద్రవం వస్తుంది. అందులో నూలు చిలపలు వేసి చేత్తో పిసికి, ఎండలో ఆరబెడతారు. మర్నాడు మళ్లీ పిసకడం, మళ్లీ ఆరబెట్టడం. ఇలా రెండు మూడు వారాలు. ఒక్కరోజు మబ్బు పట్టినా పని ఒకరోజు వెనక్కి పోతుంది. అంత ఎండ తాగిన నూలు ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుంది, ఎన్ని ఉతుకులకైనా వదలదు. ఆ ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరది.

బొగ్గు అనగానే అందరికీ రైలింజను గుర్తొస్తుంది. నేతపేటలకు అది వచ్చిన దారి ఇంకొకటి ఉంది, రంగు డబ్బా. 1868లో గ్రేబే, లీబర్మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఎర్రరంగుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. వాళ్లకు ముడిసరుకు బొగ్గు తారు నుంచి తీసిన ఆంత్రసీన్. కొన్నేళ్లలోనే జర్మనీ కర్మాగారాలు ఆ పొడిని టన్నుల కొద్దీ అమ్మాయి. చిరివేరు తవ్వేవాళ్ల పని ప్రపంచమంతా మంజిష్ఠ పండించేవాళ్ల పనితో పాటే పోయింది. తేలియా రుమాలు ఎరుపు కూడా అలిజరిన్‌కు మారింది. నూనె పట్టించే పద్ధతి, ఎండబెట్టే పద్ధతి మాత్రం మారలేదు. బొగ్గు రంగు వచ్చినా ఎండ అవసరం తీరలేదన్నమాట.

నీటిదారి కథ ఇంకా పెద్దది. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. సీతానగరం దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలవ పెదగంజాం దాకా వస్తుంది. అక్కడ బకింగ్‌హాం కాలవ అందుకుంటుంది. 1806లో మద్రాసు దగ్గర బేసిల్ కాక్రేన్ తవ్వించిన చిన్న ముక్కతో మొదలై, 1876-78 ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేతులతో పొడుగు సాగి, 1878లో గవర్నరు పేరు పెట్టుకున్న కాలవ అది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు.

ఆ కాలవలో గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. కలిసిరాకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవ లాగేవారు. చినగంజాం ఉప్పు, తీరం వెంట పెంచిన సరుగుడు కట్టె, ధాన్యం, తాటాకు మద్రాసుకు అలా చేరాయి. గట్టు మీద తాడు లాగినవాళ్ల భుజాల మీద పడిన కాయలు ఏ నివేదికలోనూ నమోదు కాలేదు. పాత పద్ధతులన్నీ బంగారమని చెప్పడం తప్పు. ఆ చవకదనంలో మనిషి రెక్కల కష్టం చాలా ఉంది.

ఆనకట్టల ఇంజనీరు ఆర్థర్ కాటన్ జీవితాంతం ఒక వాదం వినిపించాడు. ఇండియాకు కావలసింది రైళ్లు కావు, పడవలు నడిచే కాలవలు అన్నాడు. సరుకు మోయడానికి కాలవే చవకని లెక్కలు కట్టాడు. 1870ల్లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ మాటే చెప్పి, నెగ్గలేకపోయాడు. ఆయనకు భూమి వేడెక్కడం గురించి దిగులు లేదు, ఖర్చు గురించే దిగులు. కానీ ఇవాళ చూస్తే, టన్ను సరుకును నీటి మీద మోయడానికి తక్కువ శక్తి చాలన్న ఆయన లెక్కలో బలం ఉంది. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య రైలు దారి కలిసింది. చీరాల స్టేషనులో బొగ్గు పొగ మొదలైంది. కాలవ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేసి, 20వ శతాబ్దం రెండో సగంలో పూడిపోవడం మొదలుపెట్టింది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలవలను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన కాగితం మీద ఉంది. పెదగంజాం దగ్గర పడవలు తిరగడం లేదు.

రైలు తర్వాత పొగాకు. 1920ల్లో గుంటూరు జిల్లా నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు పాతుకుంది. ఇంపీరియల్ టొబాకో అనుబంధ సంస్థ, ఊళ్లో అందరి నోటా ఐఎల్‌టీడీ, చీరాలలో పెద్ద కర్మాగారం నడిపింది. ఆకు ఏరి రకాలు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. పంట తీసిన పచ్చి ఆకును ఊళ్లలోనే కాల్చాలి. అందుకు బ్యారన్లు లేచాయి.

బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తైన గది. లోపల పచ్చి ఆకును కర్రలకు కట్టి వరసలుగా వేలాడదీస్తారు. పొయ్యి నోరు బయట ఉంటుంది. దాని వేడి ఇనప గొట్టాల గుండా గది అడుగంతా తిరిగి పైకి పోతుంది. మొదట ముప్పయ్యయిదు డిగ్రీల దగ్గర ఆకు పసుపు తేలాలి, తర్వాత మెల్లమెల్లగా పెంచి చివరకు ఈనె ఎండడానికి డెబ్భై డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. అయిదారు రోజులు, రాత్రీ పగలూ ఒక మనిషి పొయ్యి ముందు కూర్చోవాలి. వేడి ఒక్కసారి ఎగిసిందా, ఆకు నల్లబడి ధర పడిపోతుంది. ఒక కిలో ఎండు పొగాకుకు నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. కొన్నాళ్లు బొగ్గు, కొన్నాళ్లు కట్టె, దొరికినప్పుడు జీడిపిక్కల తొక్కు, కాఫీ పొట్టు. జిల్లాలో చింత, తుమ్మ, సరుగుడు ఎన్ని బ్యారన్ పొయ్యిల్లోకి వెళ్లాయో! పొగాకు డబ్బు ఎన్నో ఇళ్లను నిలబెట్టిన మాట నిజం. ఆ డబ్బుకు చెట్లు మూల్యం చెల్లించిన మాటా నిజమే.

ఇంజను పొగ చివరకు ఆగిపోయింది. 1980 నాటికి విజయవాడ–మద్రాసు మార్గమంతా కరెంటు తీగలు పడ్డాయి, చీరాల ప్లాట్‌ఫారం మీద మసి తగ్గింది. బొగ్గు మాయమైందనుకుంటే పొరపాటే. 1979లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. రైలింజనులో కాలే బొగ్గు అక్కడి బాయిలర్లలోకి మారింది. ఊళ్లో బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది, మంచిదే. కానీ పొగ కంటికి కనబడని దూరానికి వెళ్లాక దాని గురించి అడిగేవాళ్లు కూడా తగ్గిపోయారు.

అందరూ చూసినా ఎవరూ పెద్దగా రాయని మార్పు ఇసుక నేలల్లో జరిగింది. చీరాల నుంచి బాపట్ల దాకా సముద్రం వెంట ఇసుక మేటలున్నాయి. వాటిలో దొరువులు తవ్వేవారు. రెండు మూడు నిలువుల లోతుకు మించని పల్లపు గుంటలవి. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. మంచినీటి బరువు కొంచెం తక్కువ, ఉప్పునీటి బరువు కొంచెం ఎక్కువ. అంత చిన్న తేడాతోనే రెండూ కలవకుండా నిలుస్తాయి. దొరువులోకి దిగి కుండలతో ముంచుకొచ్చి వేరుశనగకూ కూరగాయలకూ నారుమళ్లకూ చల్లేవారు. కుండతో ముంచినంత సేపట్లో పక్కనుంచి అంత నీరూ మళ్లీ ఊరేది.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. డీజిల్ పోసి చక్రం తిప్పితే గంటలో దొరువు ఖాళీ. మంచినీటి పొర ఒక అడుగు దిగితే కింది ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి రాగలదని భూగర్భ జలశాస్త్రం చెబుతుంది. ఆ సూత్రం తెలియకపోయినా రైతుకు ఫలితం నాలుక మీద తెలిసింది. నీళ్లు చప్పబడ్డాయి, ఆ తర్వాత ఉప్పుదేలాయి. ఆకుల అంచులు మాడాయి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దీనికి మందు కనిపెట్టారు, అదీ పాత దొరువు నుంచే. ఇసుకలో పన్నెండడుగుల లోపే రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిని మధ్యలో ఒక బావికి కలిపారు. నీరు అన్ని వైపుల నుంచీ మెల్లగా వచ్చి చేరుతుంది. ఒక్కచోట నుంచి లాగడం లేదు కాబట్టి అడుగు ఉప్పు పైకి లేవదు. మెరుగుపరచిన దొరువు అని దానికి పేరు. ఈ తీరానికి ఇంతకంటే తెలివైన పనిముట్టు ఇంకొకటి రాలేదనడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు దొరువు మీద రెండోవైపు నుంచి ఒత్తిడి పడుతోంది. సముద్రం లేస్తోంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో అచ్చువేసిన నివేదిక ప్రకారం హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 1874 నుంచి 2004 దాకా నీటిమట్టం ఏడాదికి 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 1993 నుంచి 2017 దాకా ఆ వేగం 3.3 మిల్లీమీటర్లు. అంటే దాదాపు రెట్టింపు నుంచి మూడు రెట్ల దాకా. దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపు 0.7 డిగ్రీలు పెరిగింది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు 1951 నుంచి 2015 లోపు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. తుపానుకు ఆహారం ఆ వేడే. నీరు ఎంత వెచ్చగా ఉంటే అంత ఆవిరి, ఆవిరి ఎంత ఉంటే అంత వాన, అంత గాలి.

తుపాన్లు ఈ తీరానికి కొత్త కాదు. గణపతిదేవుడి శాసనమే సాక్ష్యం. 1864లో బందరును ఉప్పెన తుడిచిపెట్టింది. 1977 నవంబరు 19న నిజాంపట్నం దగ్గర తీరం దాటిన తుపానుకు దివిసీమలో పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. 1990 మేలో మరొకటి. భూమి ఇంతగా వేడెక్కకముందూ ఇవి వచ్చాయి, మనుషులు చచ్చిపోయారు. హెచ్చరికలు, షెల్టర్లు, రేడియోలు, ఫోన్లు వచ్చాక చావులు తగ్గాయి. అది పెద్ద విజయం. కానీ వాన పరిమాణం మారింది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్లకు దక్షిణంగా, దాదాపు చీరాల గుమ్మంలోనే దాటింది. పొలాల్లో మిరప, పొగాకు, పత్తి, కోతకొచ్చిన వరి అన్నీ ఒకేసారి నీళ్లలో మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటితే, ఇంత దూరాన చీరాల ప్రాంతంలోనూ కుండపోత వానలు పడ్డాయి.

మగ్గం గుంట దగ్గరకు ఇప్పుడు రావచ్చు.

ఇక్కడి మగ్గాల్లో గుంట మగ్గానిది పెద్ద వాటా. నేల తవ్వి, మనిషి నడుము దాకా దిగే గుంట చేసి, దాని గట్టు మీద నేతగాడు కూర్చుంటాడు. కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. పడుగు నేలకు జానెడు ఎత్తులో సాగి ఉంటుంది. ఇలా నేలలో దిగి నేయడానికి ఒక కారణం ఉంది. నూలు పొడిబారితే తెగుతుంది. నేల తేమ దగ్గరగా ఉంటే దారం మెత్తగా ఉంటుంది. ఎండాకాలం వడగాలి కొట్టినప్పుడు గుంట చుట్టూ నీళ్లు చిలకరించి నేస్తారు. కరెంటు లేకుండా, యంత్రం లేకుండా గదిలో తేమను అదుపులో పెట్టే ఏర్పాటది.

ఆ గుంటే వాన వరదలో మొదట మునిగేది. నీరు గుమ్మం దాటి రానక్కర్లేదు. ఊళ్లో నీరు నిలిచిన రెండో రోజుకు భూమిలోంచే గుంటలోకి ఊరుతుంది. తోడినకొద్దీ వస్తుంది. తొక్కుడు చెక్కలు ఉబ్బుతాయి. పడుగు చెమ్మగిల్లి బూజు పడుతుంది. కుప్పడం పట్టు చీర మగ్గం మీద ఉంటే పట్టు మీద మరకలు పడతాయి, ఆ చీర ధర సగానికి పడుతుంది. నీరు ఇంకినా గుంట ఆరడానికి వారాలు పడుతుంది. మజూరీ మాత్రం నేసిన చీరకే. నేయని రోజుకు పైసా రాదు. మగ్గం దాకా రాకముందు పనులకూ ఇదే తంటా. ఆసు పోసిన పడుగును వీధిలో పొడుగ్గా సాగదీసి గంజి పట్టించి దువ్వాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించే పని. వాన చినుకు పడితే గంజి కారిపోతుంది. రంగు అద్దకం, నూలు ఆరబెట్టడం అంతే. మొంథా తర్వాత ప్రభుత్వం మత్స్యకారులకు ఇచ్చినట్టే చేనేత కుటుంబాలకూ 50 కిలోల బియ్యం ప్రకటించిందంటే, ఇంట్లో కూర్చుని చేసే పనిని కూడా వాతావరణం దెబ్బతీస్తోందని సర్కారే ఒప్పుకున్నట్టు.

ఎండ దెబ్బ ఇంకో రకం. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. జిల్లాల వారీగా చూస్తే ఎక్కువ చావులు ప్రకాశంలోనే. అప్పటికి చీరాల ఆ జిల్లాలోదే, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. రేకుల కప్పు కింద మధ్యాహ్నం మగ్గం మీద కూర్చోలేరు. తెల్లవారుజామునా రాత్రీ నేస్తే తప్ప చీర దిగదు. రాత్రి నేతకు లైటు కావాలి, గాలి ఆడటానికి ఫ్యాను కావాలి. శతాబ్దాలుగా కరెంటు అడగని మగ్గం ఇప్పుడు వేడి వల్ల కరెంటు అడుగుతోంది.

చినగంజాం ఉప్పు మళ్లలోనూ ఇదే కథ. సముద్రపు నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ, ఎండకు చిక్కబరిచి, పొరలు కట్టాక చెక్కతో లాగి కుప్ప పోస్తారు. జనవరి నుంచి వానలు పడేదాకా సీజను. మధ్యలో ఒక్క పెద్ద వాన కురిస్తే చిక్కబడిన నీరంతా పలచబడి పని మళ్లీ మొదటికొస్తుంది. లైలా వచ్చింది సరిగ్గా అలాంటి మే నెలలో.

చీరాలకు అన్యాయాన్ని లెక్కగట్టడం కొత్త కాదు. 1919లో చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు ఏటా నాలుగువేల రూపాయలుండే పన్ను నలభై వేలకు ఎగబాకింది. మాకు అక్కర్లేని దానికి మేమెందుకు కట్టాలి అని నేతపేటలు అడిగాయి. గాంధీ 1921 ఏప్రిల్‌లో వచ్చి చూశారు. ఆ నెలలోనే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనుక, పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరంలో తాటాకు పాకలు వేసుకున్నారు. మండుటెండల్లో మొదలుపెట్టి, వానలూ చలీ దాటి, పదకొండు నెలలున్నారు. అంత పట్టుదల చూపిన ఊరు ఇది. ఇప్పుడు ఆ ఊరి నేతగాడి మీద పడుతున్న భారం కూడా అలాంటిదే. అతని మగ్గం బొగ్గు కాల్చలేదు, డీజిల్ తాగలేదు. భారతదేశంలో 2019-20 గణన ప్రకారం చేనేత పనిలో ఉన్నవాళ్లు 35 లక్షల మంది. ప్రపంచం విడుదల చేసే, భూమిని వేడెక్కించే వాయువుల్లో వస్త్ర పరిశ్రమ వాటా 2 నుంచి 8 శాతమని ఐక్యరాజ్యసమితి అంచనా. అందులో గుంట మగ్గం చేర్చింది లెక్కలోకి రాదు. అయినా నీళ్లు చేరింది ఆ గుంటలోకే. చేనేతవాళ్ల నాయకుడు, చీరాల నుంచి శాసనసభకు వెళ్లిన ప్రగడ కోటయ్య బతికుంటే నూలు ధరతో పాటు ఈ లెక్కా అడిగి ఉండేవారు.

మరి ప్రత్యామ్నాయం మాటేమిటి? రాష్ట్రంలో సౌరశక్తికి కొదవ లేదు. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. 2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించి, 160 గిగావాట్లకు పైగా సామర్థ్యం లక్ష్యమని చెప్పింది. కనిగిరి వైపు దివాకరపల్లిలో గడ్డి నుంచి వాయువు తీసే ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో పునాది పడింది. దేశంలో విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వాటిదని 2025లో కేంద్రం ప్రకటించింది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఎండ ఉన్నప్పుడే పలకలు పనిచేస్తాయి కాబట్టి ఇళ్లకొచ్చే కరెంటులో బొగ్గు వాటా ఇంకా మూడొంతులకు దగ్గర్లోనే ఉంది. చేనేత కుటుంబాలకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. బిల్లు తగ్గుతుంది, అది పెద్ద ఊరట. కానీ ఆ యూనిట్లూ ఎక్కువగా బొగ్గువే.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మిగతా సొమ్ము ఇంటివాళ్లదే. జాండ్రపేటలో చాలా మగ్గాలు అద్దె ఇళ్లలో, రేకుల కింద ఉన్నాయి. రేకు ఆ బరువు మోయదు, అద్దెదారుకు కప్పు మీద హక్కు ఉండదు. పథకం డాబా ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకుని రాసింది. మగ్గం ఉన్నవాడికి అది అందాలంటే దారి మార్చాలి. ఈ ఊళ్లలో చేనేత సహకార సంఘాలకు సొంత భవనాలున్నాయి. ఆ డాబాల మీద పలకలు పెట్టి, వచ్చిన యూనిట్లను సభ్యుల మీటర్లకు పంచితే అద్దె ఇంటి నేతగాడికీ వాటా వస్తుంది. కేంద్ర చేనేత పథకాల్లో పనిషెడ్డుకూ లైట్లకూ సాయం ఉంది. షెడ్డు కట్టేటప్పుడే నేలమట్టం రెండడుగులు లేపాలి. నీరు ఊరకుండా గుంట చుట్టూ సిమెంటు గోడ కట్టాలి. కుదిరినచోట గుంట అక్కర్లేని స్టాండు మగ్గం ఇవ్వాలి. ఇవి పెద్ద శాస్త్రం అక్కర్లేని పనులు. తుపాను వెళ్లాక బియ్యం పంచే డబ్బులో కొంత ముందే పెడితే జరిగే పనులు.

ఇసుక నేలల్లో అయితే సౌర పంపు, మెరుగుపరచిన దొరువు ఒకదానికొకటి చేసినట్టే ఉన్నాయి. దొరువుకు కావలసింది మెల్లగా, రోజంతా కొంచెం కొంచెంగా తోడే పంపు. చిన్న సౌర మోటారు చేసేది సరిగ్గా అదే, ఎండ ఎక్కినప్పుడు ఎక్కువ, దిగినప్పుడు తక్కువ, రాత్రి విశ్రాంతి. ఆ రాత్రి వేళల్లో మంచినీటి పొర మళ్లీ కూడుకుంటుంది. అయిదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను ఆ పొరను చీల్చింది. అయితే సౌర పంపుకు ఇంధనం ఖర్చు లేదు కదా అని పెద్ద మోటారు బిగించి పగలంతా నడిపితే ఉప్పు పైకి లేవడం ఆగదు. రైతుకు సబ్సిడీతో పాటు బాపట్ల కేంద్రం లెక్కలు కూడా చేరాలి, ఏ దొరువుకు ఎంత మోటారు, రోజుకు ఎంతసేపు అని.

వేటపాలెం సారస్వత నికేతనంలో, 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో, పాత తెలుగు పత్రికల సంపుటాలు భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు స్వాతంత్ర్యోద్యమం కోసం వాటిని తిరగేస్తుంటారు. అవే పుటల్లో తుపాన్ల కబుర్లు, వానల లెక్కలు, పంటల నష్టాలు కూడా ఉంటాయి. ఈ తీరంలో ఏ నెలలో ఎంత వాన పడేదో, నీరు ఏ పేట దాకా వచ్చేదో ఎవరైనా విద్యార్థులు కూర్చుని ఒక్కో ఏడాదీ రాసి పెడితే, సంఘాల షెడ్లు ఎంత ఎత్తున కట్టాలో చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు. ఆ పని జాండ్రపేట, పేరాల వీధుల నుంచి మొదలుపెట్టాలి. నీరు ముందుగా ఊరేది అక్కడి గుంటల్లోనే.